కనకవ్వ పెంచిన మట్టిగుట్ట

గోదావరిఖని దగ్గర మూతపడిన బొగ్గు గని మీద అడవి పెరిగిందనీ, ఆదివారాలు అందులో జనాన్ని నడవనిస్తున్నారనీ ప్రేమలత ఫోన్ చేసి చెప్పేసరికి, కనకవ్వ కథలాపూర్‌లో తన ఇంటి వాకిట్లో మక్కజొన్నలు ఎండబోసి పిట్టలను తోలుతోంది. ప్రేమలత ఆమె కూతురు. కోరుట్లలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది.

"అవ్వా, నువ్వు చెట్లు పెట్టిన గుట్ట గదనే! మా బడిల సారొకాయన పిల్లలను తోలుకపోయి ఫోటోలు తెచ్చిండు. గుర్తు పట్టరాదే. మొత్తం అడివే!"

కనకవ్వ చేతిలో కర్ర ఆగిపోయింది. అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్న భర్త హన్మండ్లు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"మీ బాపు ఈన్నే ఉన్నడు బిడ్డా. మల్ల మాట్లాడుదాం తియ్యి."

ఫోన్ పెట్టేసింది గానీ మనసు మళ్లీ మక్కల మీదికి రాలేదు. పిచ్చుకలు గుంపుగా వాలి తిన్నంత తిని పోయాయి. "ఏంది, తోలుతలేవా?" అని హన్మండ్లు అరిస్తే అప్పుడు ఉలిక్కిపడింది.

ఆ ఇంట్లో మట్టిగుట్ట మాట ఎత్తడం లేదు. ఎత్తకూడదని ఎవరూ ఒట్టు పెట్టలేదు. ఏళ్లకేళ్లుగా అట్లా జరిగిపోయింది, అంతే.

కనకవ్వ పుట్టిల్లు వెల్గటూర్. తండ్రికి గోదారి ఒడ్డున చిన్న చెలక ఉండేది. వేసవిలో నది సన్నబడితే ఇసుకలో పుచ్చతీగలు వేసేవాడు. తీగ తీగకూ నీళ్లు మోయడం, ఎండకు వాడిన ఆకు సాయంత్రానికి లేచి నిలబడితే మురిసిపోవడం, ఇదీ ఆమె చిన్నతనం. పెళ్లయి కథలాపూర్ వచ్చాక నీళ్లకే కరువొచ్చింది. బాయి ఎండిపోయింది, బోరు వేస్తే దుమ్ము లేచింది. ఊళ్లో సగం మంది మగవాళ్లు గల్ఫ్ దారి పట్టినట్టే హన్మండ్లు కూడా మస్కట్ పోయి తాపీపనిలో చేరాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత అక్కడ అతని పని ఆగిపోయింది. పాస్‌పోర్టు మేస్త్రీ చేతిలో ఉండిపోయింది. డబ్బు రావడం లేదు, మనిషి రావడానికీ వీల్లేదు. ప్రేమలత అప్పటికి చిన్నబడి పిల్ల. కొడుకు సతీశ్ ఇంకా చంకలో ఉన్నాడు. కనకవ్వ ఇద్దరినీ వెంటబెట్టుకుని గోదావరిఖనిలో ఉన్న అన్న రవీందర్ ఇంటికి చేరింది. రవీందర్ బొగ్గుబాయిలో కార్మికుడు.

"అన్నా, ఉత్తగ కూసోని తినుడు నాతోని కాదు. ఏదన్న పని చూపియ్యి," అన్నది వచ్చిన మర్నాడే.

"బాయిల ఆడోళ్లకు పని లేదే. మట్టిగుట్ట మీద మొక్కలు పెట్టే పని ఉంది. గది నువ్వు చెయ్యలేవు. గాడ నిలవడితెనే కండ్లు తిరుగుతయి."

"చూపియ్యి నువ్వు."

మర్నాడు పొద్దున్నే పోయి చూసింది. నేల అడుగున ఉన్న బొగ్గు కోసం పైనున్న మట్టీ రాళ్లూ తవ్వి ఓ పక్కన పోస్తూ వస్తే, అది ఏళ్ల తరబడి పెరిగి కొండంతయింది. అదే మట్టిగుట్ట. బూడిదరంగు రాయి, పొడిపొడిగా రాలే పెళ్లలు. గడ్డిపోచ లేదు, పురుగు లేదు, దాని మీదుగా కాకి కూడా ఎగరడం లేదు. పొద్దెక్కేసరికి రాళ్లు పెనంలా కాలాయి. వానొస్తే ఆ బురదంతా జారి కింది పొలాల్లో పడుతుందట.

"అక్కా, దీని మీద గడ్డన్న మొలుస్తదా?" అని కూలీలకు పెద్దదిక్కుగా ఉన్న మొగిలవ్వను అడిగింది.

మొగిలవ్వ పకపకా నవ్వింది. "మొలువదు. మనమే మొలిపియ్యాలె. పా, తట్ట పట్టు."

మొదటి ఏడు పెట్టిన మొక్కల్లో చాలావరకు మాడిపోయాయి. ఎండిన పుల్లలను పీకి పారేస్తుంటే కనకవ్వకు తన పిల్లలకే ఏదో అయినంత దిగులేసింది. మరుసటి ఏడు గుంతలు పెద్దవి చేశారు. చెరువు మన్ను తెచ్చి నింపారు. నర్సరీ సారు ఒక మాట చెప్పాడు, మొగిలవ్వ ఒక మాట చెప్పింది, తలా ఒకటి అన్నారు. కొన్ని పనికొచ్చాయి, కొన్ని రాలేదు. పుచ్చతీగల దగ్గర తండ్రి మట్టికుండ పాతి, దాన్నిండా నీళ్లు పోసి మూత పెట్టేవాడని, ఆ నీళ్లు కుండ ఒంట్లోంచి మెల్లగా ఊరి వేరుకు అందేవని కనకవ్వ చెప్పింది. ఆ మాట పనికొచ్చింది. కుమ్మరి దగ్గర్నుంచి ట్రాక్టర్ల మీద కుండలు వచ్చాయి. ఆ ఎండాకాలం పోయి మృగశిర వచ్చేసరికి, కానుగ మొక్కలు కొన్ని బతికి లేతాకు వేశాయి. ఆ రోజు ఆడవాళ్లంతా పని ఆపి వాటి చుట్టూ కూర్చున్నారు.

మస్కట్ నుంచి హన్మండ్లు ఫోన్ చేసింది ఆ రోజుల్లోనే. భార్య కూలికి పోతోందని ఊరివాడెవరో అతనికి చెప్పాడు.

"నా పెండ్లాం తట్ట మోస్తుందని ఈడ మనోళ్లు నగుతుండ్రు. రేపటి సంది ఇంట్ల ఉండు."

"నువ్వు గాడ ఎండల ఇటుకలు మోస్తలేవా? నీదైతె పని, నాదైతె ఇజ్జత్ పోవుడా?" అన్నది కనకవ్వ.

అతను ఫోన్ పెట్టేశాడు. ఆమె పని మానలేదు. అతను మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. తర్వాత అక్కడ అతనికి వేరే పని దొరికింది, ఇంటికి డబ్బు రావడం మొదలైంది. అయినా కనకవ్వ గుట్టను వదల్లేదు. పిల్లలు పెరిగారు. హన్మండ్లు మస్కట్‌కు సలాం కొట్టి వచ్చేశాక అందరూ కథలాపూర్ చేరారు. కాలం తిరిగి నీళ్లొచ్చాయి, మక్కా పసుపూ పండాయి. అతనికి ఆ గుట్ట తాను ఇంటికి ఆసరా కాలేకపోయిన రోజుల గుర్తు. ఆమెకేమో తన కాళ్ల మీద తాను నిలబడిన రోజుల గుర్తు. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఈసారి ముడి విప్పింది ప్రేమలత కూతురు శ్రీహిత. ఆ పిల్ల సరాసరి తాతకే ఫోన్ చేసింది.

"తాతా, అమ్మమ్మ పెట్టిన అడివికి పోదామా? నెమళ్లు ఉంటయట."

హన్మండ్లు ఆ పిల్ల మాట ఏనాడూ కాదన్నవాడు కాదు. "పోదాం తియ్యి," అని ఫోన్ భార్యకిచ్చి పెరట్లోకి వెళ్లిపోయాడు.

సతీశ్‌కు సిరిసిల్లలో మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆదివారం పొద్దున్నే కారు తెచ్చాడు. కనకవ్వ చీకటితోనే లేచి మక్కగారెలు కాల్చింది, పులిహోర కలిపింది. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, మళ్లీ ఏమనుకుందో, విప్పి నేతచీర కట్టుకుంది. "గుట్ట ఎక్కేటోళ్లం గద," అని తనకు తానే చెప్పుకుంది. కోరుట్లలో ప్రేమలతనూ శ్రీహితనూ ఎక్కించుకుని, జగిత్యాల దాటి వెల్గటూర్ మీదుగా సాగారు. దారంతా శ్రీహితదే మాట. హన్మండ్లు ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

గేటు దగ్గర ఇంకొన్ని కుటుంబాలు చేరి ఉన్నాయి. నడిపించడానికి సుమలత అనే అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, కాళ్లకు బూట్లు, గొంతులో ఉత్సాహం.

"ఇప్పుడు మీరు నిలబడ్డ ఈ జాగల ఒకప్పుడు మట్టి మోసే డంపర్లు తిరిగేవండి. తొవ్వ దాటి పోకండి, పిల్లల చెయ్యి పట్టుకోండి. మెల్లగ నడుద్దాం, తొందరేం లేదు," అన్నది.

కనకవ్వ అందరికన్నా వెనక నడిచింది. మొదటి మలుపు దాటగానే ఆగిపోయింది.

ఆమె మనసులో ఉన్న గుట్ట వేరు. మోకాలెత్తు మొక్కలు, వాటి నడుమ కాలే రాళ్లు, తట్టల బరువుకు అరిగిన కాలిబాట. ఇప్పుడు తల పైకెత్తితే ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. కానుగలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు అల్లుకున్నాయి. వేపల మొదళ్లు ఆమె రెండు చేతులకూ అందేలా లేవు. ఎక్కడో వెదురు కిర్రుమంటోంది. అన్నింటికన్నా ఆమెను నిలబెట్టింది ఆ చల్లదనం. ఒకప్పుడు ఇదే చోట చెప్పుల అడుగులు కరిగి అంటుకునేవి. ఇప్పుడు ఒంటి మీద చెమట ఆరి వణుకు పుడుతోంది.

వంగి, ఎండుటాకులు పక్కకు జరిపి, పిడికెడు మన్ను తీసింది. నల్లగా, మెత్తగా, తడిగా ఉంది. వాసన చూసింది. ఆ మన్నులోంచి ఒక వానపాము బయటికొచ్చి మెలికలు తిరిగింది.

"ఛీ, పురుగు!" అన్నది శ్రీహిత.

"పురుగు కాదు బిడ్డా. గిది ఉన్నదంటె నేల బతికినట్టు. గప్పుడు దీనికోసం ఎంత ఎదురుచూసినమో!" కనకవ్వ ఆ మన్నును మెల్లగా తిరిగి చెట్టు మొదట్లో పెట్టింది.

"అమ్మమ్మా, ఇందుల నువ్వు పెట్టిన చెట్టేది?"

"గిది నాదని ఎట్ల చెప్తనే? గుంత ఒకలు తవ్వితిమి, మన్ను ఒకలు పోస్తిమి, నీళ్లు ఒకలు మోస్తిమి. మస్తు మందిమి ఉంటిమి."

"అయితె అన్నీ నీయే," అని తేల్చేసింది శ్రీహిత.

రెండడుగుల ముందు నడుస్తున్న హన్మండ్లు ఆ మాటలన్నీ విన్నాడు. వెనక్కి తిరగలేదు గానీ, నడక కాస్త నెమ్మదించింది.

గుట్ట నడుమ ఒక నారుమడి ఉంది. పచ్చటి గుడ్డ కప్పిన పందిరి కింద వరసగా మొక్కల సంచులు, వాటికి నీళ్లు చల్లుతూ ఒక ముసలామె. జనం చప్పుడుకు తలెత్తి చూసింది. కళ్లు సరిగా ఆనలేదో ఏమో, మళ్లీ పనిలో పడింది. కనకవ్వ "జర పైలం బిడ్డా, తొవ్వ జారుతది," అని మనవరాలిని హెచ్చరించింది. ఆ గొంతు వినగానే ముసలామె చేతిలోని పైపు కింద పడేసింది.

"కనకవ్వా! నువ్వేనానే?"

"మొగిలక్కా!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు ఊగారో. మొగిలవ్వ తడిచేతులతో కనకవ్వ ముఖం తడిమింది. "ముసల్దానివయితివి గదనే!" అంటుంటే, "నువ్వు పడుసుదానివే ఉన్నవు మరి!" అని కనకవ్వ నవ్వింది. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. సుమలత నడక ఆపింది. మిగతావాళ్లు కూడా చుట్టూ చేరి చూస్తున్నారు.

"గీయన మా సతీశ్ బాపు," అని భర్తను చూపించింది కనకవ్వ.

మొగిలవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వేనా మస్కట్ పోయినోనివి? నువ్వు గాడ ఉంటివి, గీ పిల్ల ఈడ నా పానం కాపాడె. నీకు చెప్పే ఉంటది గద."

హన్మండ్లు ముఖంలో ఏమీ తెలియనితనం చూసి ఆమెకు అర్థమైంది. "చెప్పలేదానే? గింత ముచ్చట చెప్పకుంట ఎట్లున్నవే నువ్వు?" అని కనకవ్వను కసిరి, అతని చెయ్యి పట్టుకుని నాలుగడుగులు లాక్కుపోయింది. అక్కడ గుట్ట నిటారుగా కిందికి దిగుతుంది. ఆ వాలు మీద వావిలి పొదలు చిక్కగా పట్టి ఉన్నాయి.

"గిదో, గీ జాగనే. శ్రావణంల ముసురు పట్టె. మేం కింద నీళ్లకు అడ్డంగ రాళ్లు పేరుస్తున్నం. పైకెల్లి మట్టిపెళ్ల ఇరిగె. అందరు ఉరికిండ్రు, నా కాలు రాళ్లల్ల ఇరికె. బురద నడుముదాంక అచ్చె. గప్పుడు గీ పిల్ల ఎన్కకు మర్లి అచ్చింది. వద్దే పో, నీకు పిల్లలున్నరు అన్న. ఇంటెనా? వావిలి పొదను ఒక చేత్తోని పట్టుకోని, చీర కొంగు నా దిక్కు ఇసిరింది. చేతులు కోసుకపోయి నెత్తురు కారుతున్నా ఇడువలే. గా పొద కూడ ఊడలే. అది అంతకుముందటేడు తను పుట్టింటికెల్లి తెచ్చి నాటిందే. మావోళ్లు తాళ్లు పట్టుకోని అచ్చేదాంక గట్లనే పట్టుకోనున్నది."

హన్మండ్లు భార్య చేతిని తీసుకుని తిప్పి చూశాడు. అరచేతిలో అడ్డంగా తెల్లటి గీత ఉంది. కొడవలి తెగిందేమో అని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"నాకు చెప్పలే," అన్నాడు.

"నువ్వు అడుగలే," అన్నది కనకవ్వ. ఆ మాటలో నిష్టూరం లేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది.

అతను చేతిని వదిలి ముందుకు నడిచాడు. బయల్దేరేటప్పుడు మోకాలి నొప్పి, కారులోనే ఉంటానన్న మనిషి, అందరికన్నా ముందు గుట్ట ఎక్కసాగాడు. సతీశ్ "బాపూ, పట్టుకుంట ఆగు," అంటూ వెంటపడితే, "నాకెందుకురా, మీ అవ్వను పట్టుకో," అని విదిలించాడు.

గుట్ట కొసకు చేరితే కింద మొత్తం కనిపించింది. బొగ్గు తీసిన గొయ్యి ఇప్పుడు పెద్ద చెరువు. నీలం నీళ్లు, ఒడ్డున తెల్లటి కొంగలు. అవతలి పక్క ఇంకో మట్టిగుట్ట, ఇంకా బూడిదరంగులోనే, బోడిగా. దాని పక్కన చూస్తే, ఈ గుట్ట కూడా ఒకనాడు అట్లాగే ఉండేదంటే నమ్మడం కష్టం.

సుమలత ఆ చెరువు గురించీ వలస వచ్చే పక్షుల గురించీ చెప్పి, "ఎవరన్న ఏమన్న అడుగుతరా?" అన్నది.

హన్మండ్లు బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"అడుగుడు కాదు బిడ్డా, ఒక మాట చెప్పాలె."

"చెప్పండి తాతా."

అతను నెత్తి మీది రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నలుగురిలో మాట్లాడటం అతనికి అలవాటు లేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"మాది కథలాపూర్. నేను మస్కట్‌ల బిల్డింగులు కట్టిన. పెద్ద పెద్దయి, మెడలు నొచ్చేటట్టు చూడాలె. ఊరికచ్చినప్పుడల్ల గవ్వే చెప్పుకున్న. నేను కట్టిన బిల్డింగులల్లకు నన్ను ఇయ్యాల రానియ్యరు. వాచ్‌మన్ గేటు కాడ్నే ఆపుతడు. గీమె మా ఇంటామె. కనకవ్వ. గీ గుట్ట మీద అడివి పెట్టినోళ్లల్ల ఒకామె. గీమె చేసిన పనిల మనం అందరం నడుస్తున్నం. నా మనుమరాలు నడుస్తుంది. మీ పిల్లలు నడుస్తుండ్రు. గది చెప్పాలనిపించింది."

ముందుగా చప్పట్లు కొట్టింది ప్రేమలతేనో, ఇంకెవరో తెలియలేదు. అంతలో అందరూ కొట్టారు. శ్రీహిత అయితే ఎగురుతూ కొట్టింది. కనకవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక చెరువు వైపు చూసింది. మస్కట్ ఫోన్‌లో ఆ పూట అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్లకు జవాబు వచ్చిందని ఆమెకు తోచింది.

"అమ్మా, మీరు ముందు నడవండి. దిగేటప్పుడు మీరే చూపించాలి," అన్నది సుమలత.

"నాకు మాటలు రావు బిడ్డా."

"ఇందాక వానపాము గురించి చెప్పిండ్రు కద. అట్లనే చెప్పండి."

కనకవ్వ ముందుకు వచ్చింది. మొదట పది అడుగులు తలవంచుకునే నడిచింది. పొదల్లో ఏదో కదిలితే, చెయ్యెత్తి అందరినీ ఆపింది. తంగేడు పొద వెనక నుంచి నెమలి ఒకటి తోక ఈడ్చుకుంటూ దాటిపోయింది. పిల్లలు నోళ్లు తెరిచారు. అంతే, ఆ తర్వాత ఆమె మాట ఆగలేదు. ఎక్కడ నీళ్ల ట్యాంకర్ నిలబడేదో, ఎక్కడ చంటిపిల్లలకు చీరలతో ఊయలలు కట్టేవాళ్లో, ఏ ఏడు వడగాలికి ఏ వరస మాడిపోయిందో, ఒక్కొక్కటే చూపిస్తూ దిగింది. జనం ఆమె చుట్టూ కిక్కిరిసి నడిచారు. హన్మండ్లు మాత్రం ఆమె పక్క చోటు ఎవరికీ ఇవ్వలేదు.

గుట్ట అడుగున, మలుపులో ఒక దారి పొడవునా సీతాఫలం చెట్లు. కాయలు కళ్లు విచ్చి, కొన్ని పండి రాలి ఉన్నాయి. ఉడుతలు సగం తిని వదిలేసిన పండ్ల వాసన ఆ చోటంతా తియ్యగా పట్టేసింది.

"ఇవి ఎవరు పెట్టిండ్రో మాకు తెల్వదు. పిట్టలు తెచ్చినయని అంటరు," అన్నది సుమలత.

కనకవ్వ, వెంట దిగుతున్న మొగిలవ్వ ముఖాలు చూసుకుని ఒక్కసారే నవ్వారు.

"పిట్టలం మేమే," అన్నది మొగిలవ్వ. "ఈడ కూసోని సద్ది తింటుంటిమి. ఎవల ఊరికెల్లి వాళ్లం పండ్లు తెచ్చుకుంటిమి. గీమె చెప్పేది, గింజలు ఉత్తగ ఉమ్మకుండ్రే, గట్టిగ ఉమ్ముండ్రి, దూరం పడాలె అని. ఎవల గింజ దూరం పడితె వాళ్లు గెలిచినట్టు."

"ఎవరు గెలిచిండ్రు మరి?" అన్నది శ్రీహిత.

"మీ అమ్మమ్మనే. ఇంకెవరు గెలుస్తరు?"

అక్కడే, ఆ చెట్ల కిందే గుడ్డ పరిచి సద్దులు విప్పారు. మొగిలవ్వను పక్కన కూర్చోబెట్టుకున్నారు. సుమలతకూ, పక్క కుటుంబాల పిల్లలకూ మక్కగారెలు పంచారు. రాలిన పండ్లు ఏరి తినొచ్చని సుమలత చెప్పగానే శ్రీహిత ఒళ్లో నింపుకుని వచ్చింది. హన్మండ్లు ఒక పండు చీల్చి, సగం భార్యకిచ్చి, మిగతా సగం తాను తిన్నాడు. గింజను గట్టిగా ఊశాడు. అది కాళ్ల దగ్గరే పడింది. అందరూ ఘొల్లున నవ్వారు.

తిరుగు దారిలో అతను ముందు సీటు శ్రీహితకు ఇచ్చి, వెనక భార్య పక్కన కూర్చున్నాడు. వెల్గటూర్ దాటకముందే మొదలుపెట్టాడు. ఎండాకాలం ఎట్లా ఓర్చుకున్నారు? సతీశ్‌ను ఎవరి దగ్గర ఉంచేది? చెయ్యి తెగిన రోజు ఏ దవాఖానకు పోయింది? కుండల ఆలోచన ఎట్లా వచ్చింది? కనకవ్వ చెబుతూనే ఉంది. జగిత్యాల వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. అతని ప్రశ్నలు మాత్రం అయిపోలేదు.

ఆ వారం కథలాపూర్‌లో ఆ ముచ్చట తెలియని ఇల్లు లేదు. హన్మండ్లు చాయ్ హోటల్ దగ్గర చెప్పాడు, మక్కలు కొనడానికి వచ్చిన సేటుకు చెప్పాడు, రుద్రంగి నుంచి వచ్చిన చుట్టాలకు చెప్పాడు. చెప్పిన కొద్దీ గుట్ట ఎత్తు పెరిగింది. చివరికి పులి కూడా తిరుగుతోందని అన్నాడట. "పులి ఏడున్నదయ్యా? నెమలిని చూసినం మనం," అని కనకవ్వ లోపలి నుంచి కేకేస్తే, "రేపో మాపో అస్తది, ఎటు పోతది?" అని సర్దుకున్నాడు. తర్వాతి నెలలో ఊరి ఆడవాళ్లను ఒక బండినిండా ఎక్కించి తానే గుట్ట చూపించడానికి తీసుకుపోయాడు.

వానలు మొదలయ్యాక సుమలత ఫోన్ చేసింది. ఆ బోడిగుట్ట మీద మొక్కలు పెట్టడం మొదలుపెడుతున్నారట. పాతవాళ్లు ఒక్క పూట వచ్చి కొత్త ఆడవాళ్లకు పని చూపిస్తే బాగుంటుందని అడిగింది. కనకవ్వ "అస్త" అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆమె బయల్దేరే పొద్దున హన్మండ్లు కొట్టంలోకి వెళ్లి గడ్డపార తెచ్చుకుని కారులో పెట్టాడు.

"నువ్వేడికి?" అన్నది కనకవ్వ.

"గుంతలు తవ్వెటోళ్లు కావాలె గద."

బోడిగుట్ట మీద సన్నగా తుంపర పడుతోంది. కొత్తగా పనికి వచ్చిన ఆడవాళ్లు తట్టలతో నిలబడి చూస్తున్నారు. మొగిలవ్వ ఒక రాయి మీద కూర్చుని పెత్తనం చేస్తోంది. హన్మండ్లు రుమాలు తలకు బిగించి, రాతినేల మీద గడ్డపార వేశాడు. నిప్పురవ్వలు లేచాయి. రెండు మూడు పోట్లు వేసి, ఆగి, ఆయాసపడి, మళ్లీ వేశాడు. చివరికి ఒక గుంత తవ్వి, పని అయిపోయినట్టు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

కనకవ్వ వచ్చి గుంతలో చెయ్యి పెట్టి చూసింది. చెయ్యి మోచేతి దాకా కూడా దిగలేదు.

"గిందుల ఏం బతుకుతది? ఇంకింత లోతు తియ్యాలె," అన్నది.

కొత్త ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. హన్మండ్లు వాళ్ల వైపు తిరిగి, "చూసిండ్రా, గింత కరాఖండిగ ఉంటది మా కనకవ్వ," అని మురిపెంగా చెప్పి, గడ్డపార మళ్లీ ఎత్తాడు.